తోకలేని విమానానికి ఎలాంటి ట్రాన్స్‌మిటర్ కొనాలి, ఎలా అమర్చుకోవాలి?

ప్రశ్న

ఏడాదిగా రేడియోతో నడిపే ఫోమ్ ట్రైనర్ (నేర్చుకునేవారి చిన్న మోడల్ విమానం) ఎగరేస్తున్నాను. దానితో పాటు పెట్టెలో వచ్చిన ట్రాన్స్‌మిటర్‌కు నాలుగు చానళ్లు (ఒక్కోటి ఒక్కో కదలికను నడిపేది), సర్వో (పలకను కదిపే చిన్న మోటారు) దిశ మార్చే చిన్న మీటలు తప్ప ఇంకేమీ లేవు. ఇప్పుడు తోకలేని రెక్క విమానం ఒకటి కట్టాను. ఎలివేటర్ పని (ముక్కు ఎత్తడం, దించడం), ఐలరాన్ పని (పక్కకు వాల్చడం) రెండూ అదే జత పలకలు చేయాలట. పాత ట్రాన్స్‌మిటర్‌తో అది కుదరదని అర్థమైంది. ముందుముందు ఫ్లాప్‌లున్న (నెమ్మదిగా దిగేందుకు కిందికి వంచే రెక్క పలకలున్న) విమానం కూడా కట్టాలని ఉంది. ఎనిమిది చానళ్లు సరిపోతాయా, పదహారు ఉన్నదే తీసుకోవాలా?

మొదటి సమాధానం

చానళ్ల లెక్క పక్కన పెట్టండి. మీ రెక్కకు కావలసినవి మూడే: రెండు పలకలు, ఒక మోటారు. ఫ్లాప్‌లున్న విమానానికి కూడా ఎనిమిది ఉంటే ఇబ్బంది ఉండదు. చూడవలసింది ఆ ట్రాన్స్‌మిటర్ ఏ రిసీవర్‌తో (విమానంలో ఉండి సంకేతం అందుకునే పెట్టెతో) మాట్లాడుతుందన్నది. దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి, కానీ ఒకరి భాష మరొకరికి రాదు. ఫుటబాది ఫాస్ట్, స్పెక్ట్రమ్‌ది డీఎస్ఎంఎక్స్, ఫ్లైస్కైది ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ. ట్రాన్స్‌మిటర్ ఒకసారే కొంటారు, రిసీవర్ మాత్రం ప్రతి విమానానికీ ఒకటి కావాలి. కాబట్టి రిసీవర్లు సులువుగా దొరికే పద్ధతిని ముందు ఎంచుకొని, తరువాత ట్రాన్స్‌మిటర్ వెతకండి.

పాత ట్రైనర్ రిసీవర్‌ను వదులుకోవడం ఇష్టం లేకపోతే, నాలుగు రకాల రేడియో చిప్‌లు ఒకే చోట ఉండే మల్టీ ప్రోటోకాల్ మాడ్యూల్ ఉన్నది చూడండి. మీ రిసీవర్ పద్ధతి దాని జాబితాలో ఉందో లేదో కొనే ముందే సరిచూసుకోండి. అంతా కొత్తగా మొదలుపెట్టేటట్లయితే నేను ఎక్స్‌ప్రెస్‌ఎల్ఆర్ఎస్ అంటాను. అది ఓపెన్ సోర్స్ పద్ధతి, దాని రిసీవర్లను చాలామంది తయారుచేస్తున్నారు.

లోపలి సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే ఎడ్జ్‌టీఎక్స్ ఉన్నవాటిలో దాదాపు ఏదైనా చేసుకోవచ్చు. అదే దాని సుగుణం, అదే దాని తలనొప్పి. మీకు నప్పుతుందో లేదో డబ్బు పెట్టకముందే తెలుసుకోవచ్చు. కంపానియన్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌లో పెట్టుకుంటే ట్రాన్స్‌మిటర్ తెరపైనే కనిపిస్తుంది. అందులో ఒక మోడల్ తయారుచేసి స్టిక్‌లు కదిపి చూడండి. రెండు సాయంత్రాలు కూర్చున్నా విసుగు పుట్టకపోతే కొనేయండి.

స్టిక్‌ల లోపల హాల్ సెన్సర్లు ఉంటే మంచిది, రాపిడితో అరిగేవి కావు. థ్రాటిల్ (మోటారు వేగం) ఎడమ చేతికి ఉండే మోడ్ 2 కావాలా, కుడి చేతికి ఉండే మోడ్ 1 కావాలా అన్నది మాత్రం మీతో ఎగరేసేవారిని చూసి నిర్ణయించుకోండి. విమానం చేయి దాటినప్పుడు పక్కవారు అందుకోగలగాలి కదా.

అడిగినవారు

ఎడ్జ్‌టీఎక్స్, ఎక్స్‌ప్రెస్‌ఎల్ఆర్ఎస్ ఉన్నదే తీసుకున్నాను. బైండింగ్ (ట్రాన్స్‌మిటర్‌ను రిసీవర్‌తో జత చేయడం) అయింది. కానీ రెక్క తికమక పెడుతోంది. స్టిక్ వెనక్కి లాగితే ఒక పలక పైకి, ఇంకొకటి కిందికి వెళుతున్నాయి. పక్కకు తోస్తే రెండూ కలిసి కదులుతున్నాయి. మిక్స్‌ల (ఏ స్టిక్ ఏ చానల్‌ను ఎంత కదపాలో చెప్పే వరుసల) పేజీలో ప్లస్, మైనస్ గుర్తులు మార్చి మార్చి ఇప్పుడు ఏది ఏమిటో నాకే తెలియడం లేదు.

రెండో సమాధానం

మిక్స్‌లన్నీ తుడిచేయండి. ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టండి. ఇది సలహా కాదు, షరతు.

ఎడ్జ్‌టీఎక్స్‌లో సంకేతం మూడు గదులు దాటుతుంది. ఇన్‌పుట్‌లలో మీ చేతి అలవాటు ఉంటుంది, అంటే రేట్లు (స్టిక్‌కు ఎంత కదలిక రావాలన్నది), ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందన ఎంత మెత్తగా ఉండాలన్నది). మిక్స్‌లలో విమానం ఆకారం ఉంటుంది. అవుట్‌పుట్‌లలో సర్వో ఎలా బిగించారన్నది ఉంటుంది. ఒక గది తప్పును ఇంకో గదిలో దిద్దబోతే మీకు జరిగినట్లే జరుగుతుంది. ఎదురెదురుగా బిగించిన సర్వోల్లో ఒకటి తిరగబడటం మామూలే. దాన్ని అవుట్‌పుట్‌లలోనే సరిచేయాలి.

ఒకటో చానల్‌లో ఎలివేటర్ 50, ఐలరాన్ 50 వేయండి. రెండో చానల్‌లో ఎలివేటర్ 50, ఐలరాన్ మైనస్ 50. ఒక్కో చానల్‌లోనూ రెండో వరుసను మొదటిదానికి కలపాలి, దాని స్థానంలో పెట్టకూడదు. ఇప్పుడు ఎలివేటర్ మాత్రమే చూడండి. స్టిక్ వెనక్కి లాగితే రెండు పలకలూ పైకి లేవాలి. లేవనిదాన్ని అవుట్‌పుట్‌లలో తిప్పండి. ఇది కుదిరాకే ఐలరాన్. కుడికి తోస్తే కుడి పలక పైకి, ఎడమది కిందికి వెళ్లాలి. తలకిందులుగా వస్తే అవుట్‌పుట్‌లను ముట్టుకోకుండా మిక్స్‌లలో రెండు ఐలరాన్ అంకెల గుర్తులను మాత్రం తిప్పండి, అంటే ఒకటో చానల్‌లో మైనస్ 50, రెండో చానల్‌లో 50.

50 ఎందుకంటారా? రెండూ 100 వేస్తే, స్టిక్‌ను మూలకు నెట్టినప్పుడు ఒక పలక మొత్తం 200 అడుగుతుంది. సర్వో 100 దగ్గరే ఆగిపోతుంది. మలుపులో ముక్కు ఎత్తాలని మీరు ఎంత లాగినా ఆ వైపు ఇంకేమీ మిగిలి ఉండదు. 50తో కదలిక చాలకపోతే సర్వో చేతిపై కడ్డీని బయటి రంధ్రానికి మార్చండి.

ఎక్స్‌పో ఎడ్జ్‌టీఎక్స్‌లో ప్లస్ 30 దగ్గర మొదలుపెట్టండి, స్టిక్ మధ్యలో మెత్తబడుతుంది. ఫుటబా వాడేవారు మైనస్ వేయమంటారు, ఎందుకంటే వారి ట్రాన్స్‌మిటర్‌లో మెత్తబరిచేది మైనస్. గుర్తు తప్పితే స్టిక్ మధ్య దగ్గర కొద్దిగా కదిపినా విమానం ఎగిరెగిరి పడుతుంది. నేను ఒకసారి ఎవరో రాసిన అంకెలను చూసి అలాగే వేసుకున్నాను. ఆ ల్యాండింగ్ గురించి చెప్పను.

థ్రాటిల్‌ను పూర్తిగా కోసేసే స్విచ్ ఒకటి తప్పక పెట్టండి. స్పెషల్ ఫంక్షన్లలో చానల్ ఓవర్‌రైడ్ తీసుకొని థ్రాటిల్ చానల్‌కు మైనస్ 100 ఇవ్వాలి. విమానాన్ని చేత్తో మోస్తున్నంతసేపూ ఆ స్విచ్ ఆ స్థితిలోనే ఉండాలి.

మరొకరు

పై సమాధానంలో ఫెయిల్‌సేఫ్ (సంకేతం పోతే రిసీవర్ ఏం చేయాలన్నది) ప్రస్తావన లేదు. ఎక్స్‌ప్రెస్‌ఎల్ఆర్ఎస్ వాడేవారు దాన్ని ట్రాన్స్‌మిటర్ మెనూలో వెతికి లాభం లేదు. సర్వోలు నేరుగా తగిలించే రిసీవర్ అయితే దాని వైఫై పేజీ తెరిచి అక్కడే ఒక్కో అవుట్‌పుట్‌కూ పెట్టుకోవాలి. సంకేతం పోతే మోటారు ఆగాలి. పెట్టాక నమ్మకండి. ప్రొపెల్లర్ లేకుండా థ్రాటిల్ సగం పెంచి ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి. ఈ పరీక్షకు తప్ప మిగతా అన్ని వేళలా ట్రాన్స్‌మిటర్‌ను ముందు వెలిగించాలి, చివర ఆపాలి.

అడిగినవారు, కొన్ని వారాల తరువాత

రెక్క హాయిగా ఎగురుతోంది. అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు ఫ్లాప్‌ల విమానం దగ్గర చిక్కుకున్నాను. ఫ్లాప్ సర్వో ఐదో చానల్‌లో ఉంది. మూడు స్థానాల స్విచ్ పెట్టాను. మధ్య స్థానం పనిచేయడం లేదు, పూర్తిగా పైకి లేదా పూర్తిగా కిందికి. నెమ్మదిగా దిగేందుకు స్లో వేసినా సర్వో ఒక్కసారిగా దూకుతోంది. మానిటర్ తెరపై మాత్రం చానల్ చక్కగా జరుగుతోంది. సర్వో మార్చినా అంతే.

రెండో సమాధానం ఇచ్చినవారు

సర్వో తప్పు కాదు, మీ ప్రోగ్రామింగ్ తప్పూ కాదు. మామూలుగా వాడే హైబ్రిడ్, వైడ్ అనే రెండు స్విచ్ మోడ్‌లలోనూ (చానళ్లను గాలిలోకి పంపే తీరులు) ఎక్స్‌ప్రెస్‌ఎల్ఆర్ఎస్ ఐదో చానల్‌ను ఉంది, లేదు అన్న రెండే స్థితులతో పంపుతుంది. డ్రోన్ మోటార్లను ఆన్ చేసే ఆర్మ్ స్విచ్ కోసం దాన్ని కేటాయించారు. తెరపై కనిపించేది ట్రాన్స్‌మిటర్ లోపలి లెక్క. గాలిలోకి వెళ్లేది వేరు.

ఫ్లాప్ మిక్స్‌ను ఆరో చానల్‌కు మార్చండి. స్విచ్ మోడ్ వైడ్‌లో ఉంచండి. హైబ్రిడ్‌లో ఆరో చానల్‌కు కూడా కొద్ది మెట్లే ఉంటాయి, స్లో వేస్తే కుదుపు తెలుస్తుంది. రిసీవర్ వెలుగుతుండగా ఈ మోడ్ మారదు. దాన్ని ఆపి, మార్చి, మళ్లీ వెలిగించండి. రిసీవర్‌కు ఆరో పిన్ లేకపోతే, వైఫై పేజీలో ఐదో పిన్‌కు ఆరో చానల్‌ను కేటాయించవచ్చు.

అడిగినవారు

ఐదో పిన్‌కే ఆరో చానల్ ఇచ్చాను. ఫ్లాప్‌లు ఇప్పుడు రెండు సెకన్లలో మెల్లగా దిగుతున్నాయి, మధ్యలోనూ ఆగుతున్నాయి. అయితే ఫ్లాప్‌లు దించగానే ముక్కు పైకి లేస్తోంది. ఎలివేటర్ ఎంత కిందికి కలపాలి?

రెండో సమాధానం ఇచ్చినవారు

నేల మీద చెప్పగలిగిన అంకె కాదది. ఫ్లాప్ స్విచ్‌తో ఎలివేటర్ చానల్‌కు ఒక మిక్స్ కలిపి, చిన్న అంకెతో మొదలుపెట్టండి. స్లో దానికీ అంతే వేయండి, లేకపోతే ఫ్లాప్‌ల కంటే ముందే ఎలివేటర్ దిగి ముక్కు వాలుతుంది. బాగా ఎత్తులో సగం ఫ్లాప్ దించి చూసి, దిగి వచ్చి, అంకె మార్చుకొని మళ్లీ వెళ్లండి.