గెర్బర్ ఫైళ్ళు పెట్టేస్తే ఓపెన్ హార్డ్‌వేర్ అయిపోతుందా?

రాగిపొర:
అందరికీ నమస్కారం. ఉష్ణోగ్రత, తేమ, పీడనం కొలిచే చిన్న బోర్డు కీక్యాడ్ అనే సర్క్యూట్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీశాను. రెండు పొరల పీసీబీ (రాగి గీతలు అచ్చయిన సర్క్యూట్ బోర్డు), ఈఎస్‌పీ32 వైఫై మాడ్యూలు, బీఎంఈ280 సెన్సరు, యూఎస్‌బీ-సీ నుంచి 5 వోల్టులు, దాన్ని 3.3కి దించే రెగ్యులేటరు. ఎవరికి కావాలంటే వాళ్ళు చేసుకుంటారని గెర్బర్లు (బోర్డు తయారీకి పంపే ఫైళ్ళు), స్కీమాటిక్ (సర్క్యూట్ చిత్రం) పీడీఎఫ్, ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే ప్రోగ్రాము) కోడు గిట్ రిపాజిటరీలో పెట్టాను. లైసెన్సు క్రియేటివ్ కామన్స్ వాళ్ళ సీసీ బై-ఎన్‌సీ, అంటే నా పేరు చెప్పి వాడుకోవచ్చు గానీ వ్యాపారానికి కాదు. ఇది ఓపెన్ హార్డ్‌వేర్ కిందికి రాదని ఇద్దరు అభ్యంతరం చెప్పారు. ఏ లైసెన్సు పెట్టాలి? ఇంకా ఏ ఫైళ్ళు కావాలి? ఈఎస్‌పీ32 లోపలి డిజైను నా చేతిలో లేదు కదా, అయినా ఓపెన్ అనొచ్చా?

నాలుగోపొర:
ముందు ఆ ఎన్‌సీ తీసేయండి. ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ నిర్వచనం 1.0 వచ్చింది 2011లో. డిజైనును ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు, దాంతో వస్తువు తయారుచేసి అమ్మొచ్చు అన్నది అందులో స్పష్టంగా ఉంది. అమ్మకం వద్దన్నాక ఆ పేరు వాడకూడదు.

ఎన్‌సీ లేని సీసీ బై-ఎస్‌ఏ (మార్చి పంచేవాళ్ళు అదే లైసెన్సు పెట్టాలి) పెట్టుకోవచ్చు, ఆర్డుయినో బోర్డుల డిజైన్ ఫైళ్ళకు వాడింది అదే. కానీ సీసీ లైసెన్సులు కాపీరైట్ మీద నడిచేవి. స్కీమాటిక్ బొమ్మకు కాపీరైట్ ఉంటుంది గానీ, దాన్ని చూసి చేసిన బోర్డుకు చాలా చోట్ల ఆ రక్షణ రాదు. పేటెంట్లకు వాటిలో అనుమతి ఉండదు. అందుకే హార్డ్‌వేర్ కోసమే సెర్న్ పరిశోధనా సంస్థ రాసిన ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్సు (సెర్న్ ఓహెచ్‌ఎల్) వెర్షన్ 2 మేలు. 2020లో వచ్చింది, మూడు రకాలు. 'ఎస్' తీసుకుంటే, మార్చి పంచేవాళ్ళు, ఆ మార్పులతో వస్తువు అమ్మేవాళ్ళు తమ డిజైను కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. 'డబ్ల్యూ'లో ఆ షరతు మీ భాగానికే పరిమితం, దాన్ని ఇమిడ్చుకున్న పెద్ద డిజైనుకు అంటదు. 'పీ'లో తిరిగి ఇవ్వాలన్న షరతే లేదు, నోటీసులు చెరిపేయకుండా ఉంచితే చాలు. మూడింటిలోనూ పేటెంట్ అనుమతి ఉంది. ఇలాంటి పూర్తి బోర్డుకు నేనైతే 'ఎస్' అంటాను.

'ఎస్' ఎంచుకుంటే సోర్స్ ఎక్కడుందో నోటీసులో రాయండి. అదే చిరునామా సిల్క్‌స్క్రీన్ (బోర్డు మీద అక్షరాలు అచ్చయ్యే పొర) మీద కూడా పడాలి. అక్షరం ఎత్తు 1 మి.మీ., గీత మందం 0.15 మి.మీ. ఉంటే చదవడానికి వస్తుంది, అంతకంటే చిన్నదైతే అచ్చులో అలుక్కుపోతుంది. ఫర్మ్‌వేర్‌కు విడిగా జీపీఎల్ గానీ ఎంఐటీ గానీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు పెట్టి, ఏ ఫోల్డరుకు ఏ లైసెన్సో రీడ్‌మీలో చెప్పండి.

ఈఎస్‌పీ32 గురించి దిగులొద్దు. మీ అధీనంలో ఉన్నదంతా తెరిచి ఉంచడమే మీ బాధ్యత. బజార్లో దొరికే, డేటాషీట్ ఉన్న చిప్ వాడినంత మాత్రాన మీ డిజైను మూసినట్టు కాదు. రీడ్‌మీలో 'ఓపెన్‌గా ఇస్తున్నది పీసీబీ, పెట్టె, ఫర్మ్‌వేర్' అని హద్దు గీయండి.

టంకంకడ్డీ:
ఫైళ్ళ సంగతి నేను చెబుతాను. గెర్బర్ అంటే అచ్చుకు పంపే బొమ్మ. మీ బోర్డునే తీసుకోండి. వైఫై నడుస్తుంటే ఈఎస్‌పీ32 వేడెక్కుతుంది, రెగ్యులేటరు సరేసరి: 5 నుంచి 3.3కి దించేటప్పుడు 100 మిల్లీఆంప్స్ పోతే 0.17 వాట్లు అక్కడే వేడి. ఆ వేడి రాగి గుండా సెన్సరుకు పాకి ఉష్ణోగ్రత ఎక్కువ చూపిస్తుంది, తేమ తక్కువ చూపిస్తుంది. సెన్సరును బోర్డు అంచుకు జరిపి, చుట్టూ గాడి కోద్దామని ఎవరికో అనిపిస్తుంది. పీసీబీ ఫైలు చేతిలో ఉంటే కాసేపట్లో అయ్యే పని. గెర్బర్లే ఉంటే బోర్డంతా మళ్ళీ గీసుకోవాలి. మీరు ఏ ఫైలు తెరిచి మార్పులు చేస్తారో అదే సోర్స్, అదే ఇవ్వాలి.

అంటే కీక్యాడ్ ప్రాజెక్టు, స్కీమాటిక్, పీసీబీ ఫైళ్ళు మూడూ. ఏ వెర్షన్‌లో గీశారో రాయండి, కొత్త వెర్షన్‌లో సేవ్ చేసినవి పాతదానిలో తెరుచుకోవు. వెర్షన్ 6 నుంచి సింబల్స్ (భాగాల గుర్తులు) స్కీమాటిక్ లోపలే ఉంటాయి, ఫుట్‌ప్రింట్లు (భాగాలు టంకం వేసే చోట్ల ఆకారాలు) పీసీబీ ఫైలులో ఉంటాయి. జారిపోయేవి త్రీడీ మోడళ్ళు: మీ కంప్యూటరులోని దారి పట్టుకుని ఉంటే అవతలివాళ్ళకు ఖాళీ బోర్డే కనిపిస్తుంది. వాటిని ప్రాజెక్టు ఫోల్డరులోకి తెచ్చి, దారి కూడా ప్రాజెక్టు నుంచే మొదలయ్యేలా పెట్టండి. పెట్టె గీసి ఉంటే ఎస్‌టీఎల్ (త్రీడీ ప్రింటుకు పంపే ఫైలు) ఒక్కటే చాలదు, క్యాడ్‌లో తెరిచి మార్చగలిగే స్టెప్ ఫైలో అసలు క్యాడ్ ఫైలో కూడా ఇవ్వండి.

గెర్బర్లు తీసేయొద్దు, విడుదలకొకటి చొప్పున ట్యాగ్ వేసి ఉంచండి. ఎగుమతికి ముందు జోన్లన్నీ (రాగితో నింపే ప్రాంతాలు) మళ్ళీ నింపి డీఆర్‌సీ (డిజైను నియమాల తనిఖీ) నడపండి. ట్రేస్ (రాగి గీత) జరిపాక జోన్ నింపడం మరిచిపోతే పాత ఆకారంతోనే గ్రౌండ్ రాగి అచ్చవుతుంది, షార్ట్ పడుతుంది.

5.1కే:
బీఓఎం (భాగాల జాబితా) మాట ఎవరూ ఎత్తలేదు. 'కెపాసిటర్ 10 మైక్రోఫారడ్' అని రాస్తే చాలదు. 0603 సైజు, 6.3 వోల్టుల ఎక్స్5ఆర్ సిరామిక్‌ను 5 వోల్టుల లైను మీద పెడితే అసలు విలువ సగానికి పైగా పడిపోవచ్చు. సైజు, వోల్టేజి, డైఎలక్ట్రిక్ (ఎక్స్5ఆర్ లాంటి లోపలి పదార్థం రకం), తయారీదారు పార్ట్ నంబరు, దొరక్కపోతే ఏది వాడొచ్చో కూడా ఒక్కో వరుసలో ఉండాలి. రెగ్యులేటరు ఏఎంఎస్1117 అయితే మరీ ముఖ్యం: దాని డేటాషీట్ అవుట్‌పుట్‌లో 22 మైక్రోఫారడ్ల టాంటలం అడుగుతుంది. చవకగా దొరికిందని సిరామిక్ పెడితే ఈఎస్‌ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) తక్కువై రెగ్యులేటరు డోలనం చేయవచ్చు. ఎందుకు టాంటలమో ఒక వాక్యం రాస్తే ఆ తప్పు ఎవరూ చేయరు.

మీ యూఎస్‌బీ-సీ కూడా చూసుకోండి. కనెక్షన్‌ను గుర్తించే సీసీ1, సీసీ2 పిన్నులకు దేనిది దానికే 5.1 కిలో ఓమ్ రెసిస్టరు గ్రౌండుకు ఉండాలి. రెండూ కలిపి ఒకే రెసిస్టరు పెడితే మామూలు ఏ-టు-సీ కేబుల్‌తో బోర్డు చక్కగా వెలుగుతుంది, పరీక్షలో తప్పు బయటపడదు. లోపల చిప్ ఉన్న సీ-టు-సీ కేబుల్ పెట్టగానే, ఆ కేబుల్‌లోని సుమారు 1 కిలో ఓమ్ సమాంతరంగా కలిసి మొత్తం దాదాపు 840 ఓమ్‌లకు పడిపోతుంది. ఛార్జరు దాన్ని ఆడియో అడాప్టర్ అనుకుని కరెంటే ఇవ్వదు.

రాగిపొర:
ధన్యవాదాలండీ. స్కీమాటిక్ తెరిచి చూశాను, నాది ఒకే రెసిస్టరు! ఇంకొక్క సందేహం. ఎవరైనా నాసిరకంగా చేసి నా బోర్డు పేరుతోనే అమ్మితే?

నాలుగోపొర:
డిజైను వేరు, పేరు వేరు. లైసెన్సుతో పేరు మీద హక్కు పోదు. మార్చిన డిజైనుకు వేరే పేరో వెర్షన్ నంబరో పెట్టమని అడగడానికి నిర్వచనమే ఒప్పుకుంటుంది. ఆ మాట రీడ్‌మీలో రాయండి. ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ సంఘం (ఓఎస్‌హెచ్‌డబ్ల్యూఏ) ధ్రువీకరణ కూడా తీసుకోవచ్చు, రుసుము లేదు. దేశపు రెండక్షరాల కోడు, ఆరంకెలతో నంబరు ఇస్తారు, దాన్ని బోర్డు మీద వేసుకోవచ్చు.

5.1కే:
రెసిస్టరు సరిచేశాక వెర్షన్ 1.1 అని సిల్క్‌స్క్రీన్ మీద, ఫైళ్ళలో, ట్యాగ్‌లో ఒకేలా మార్చండి. 1.0 గెర్బర్లను చెరపకుండా, వాటి పక్కన 'సీ-టు-సీ కేబుల్‌తో పనిచేయకపోవచ్చు' అని రాసి ఉంచండి. ఇప్పటికే బోర్డు చేయించుకున్నవాళ్ళు వెతుక్కునేది ఆ వాక్యమే.