జునిపర్ బోన్సాయ్ ఎండిపోతోంది, బతుకుతుందా?

మేముండేది న్యూజెర్సీలో. నవంబర్లో రోడ్డు పక్కన వ్యాన్‌లో అమ్ముతుంటే, కుండీలో పొట్టిగా పెంచిన ఈ జునిపర్ చెట్టును 35 డాలర్లకు కొన్నాను. టీవీ పక్కన పెట్టి రోజూ చెంచాతో నీళ్లు పోస్తున్నా. ముట్టుకుంటే ఆకులు పొడిపొడిగా రాలుతున్నాయి. టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెంచాతోనా అండీ! పైన గులకరాళ్లు జిగురుతో అతికించి ఉంటే ముందు పీకేయండి, నీళ్లు సరిగా దిగవు. అసలు జునిపర్ ఇంట్లో పెట్టుకునే చెట్టు కాదు. ఎండా కావాలి, చలికాలం నిద్రా (చలిలో ఎదుగుదల ఆపి విశ్రాంతి తీసుకోవడం) కావాలి.

ఇంకొకరు: కొమ్మ మీద గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ఆశ ఉన్నట్టే. నాది చచ్చిపోయాక కూడా నెల రోజులు పచ్చగానే కనిపించింది, నేను పిచ్చిదానిలా నీళ్లు పోస్తూనే ఉన్నా.

అడిగినవారు: గీకాను. కింది కొమ్మ ఒక్కటే పచ్చగా ఉంది. బయట మంచు, పెట్టొచ్చా?

జవాబు: ఒక్కసారిగా వద్దు. హీటర్ లేని గరాజ్‌లో కిటికీ దగ్గర ఉంచి, మంచు తగ్గాక ఎండలోకి మార్చండి. పైమట్టి ఆరాకే, కుండీ అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోయండి. చెంచా మాత్రం వంటింట్లో పెట్టేయండి.