ముక్కు పెట్టి ఆగిపోయిన కోడిపిల్లను పెంకు వలిచి తీయాలా, వదిలేయాలా?

పెరటికోడి: 21వ రోజు పొద్దున్నే పెంకుకి కన్నం పడింది. లోపల కిచకిచ వినబడుతోంది, సాయంత్రానికీ అంతే. వలిచి తీశాక పోతే మనమే చంపామని ఇంట్లో పిల్లలు అన్నం మానేస్తారు. తీయకపోతే లోపలే పోతుంది, అదీ మన నెత్తికే. చెయ్యి పెట్టాలా, వద్దా?

లంకగట్టు: వద్దండి. కన్నం పడ్డాక బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు మామూలే. పిల్ల లోపల ఊరికే కూర్చోలేదు. పొరలోని నెత్తురు ఒంట్లోకి వెళ్లాలి, మిగిలిన పచ్చసొన బొడ్డుగుండా కడుపులోకి పోవాలి. ఈలోగా వలిస్తే నెత్తురు కారుతుంది, సొన బయట వేలాడుతుంది.

తేమమీటరు: పెట్ట కిందైతే మీ మాటే నా మాట. గుడ్లు పొదిగే మిషన్‌లో లెక్క వేరు. చివరి మూడు రోజులూ తేమ 65–70 శాతం ఉండాలి. వచ్చిందా వచ్చిందా అని మూత తీసినప్పుడల్లా తేమ పోయి, పొర ఎండి, కాగితంలా పిల్లకు అతుక్కుంటుంది. ఇక అది తిరగలేదు. మూత తీసింది మనం, ఇరుక్కున్నది అది.

24 గంటలు దాటితే దూదిపుల్లను గోరువెచ్చని నీళ్లలో తడిపి, కన్నం చుట్టూ పొరకు అద్దండి. ముక్కు రంధ్రాల్లోకి నీళ్లు పోకూడదు. తడిసిన పొరలో నెత్తురు నరాలు కనబడతాయి. ఎర్రగా ఉంటే ఆపేసి, నాలుగైదు గంటలు మళ్లీ లోపల పెట్టేయండి. తెల్లగా ఉంటే గుండ్రటి వైపు మాత్రమే, బియ్యపుగింజంత ముక్కలుగా గోటితో తీయండి. తల బయటపడగానే చెయ్యి తీసేయాలి. మిగతా సగంలోంచి అదే తన్నుకు రావాలి.

లంకగట్టు: ఇది చదివినవాళ్లు 24 గంటలు మర్చిపోయి దూదిపుల్ల ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు, చూడండి.

కోనసీమ పాక: మీ వాదన సరే, పోయిన పిల్ల సంగతో? నేనే చంపానని కుమిలిపోయే ముందు ఆ గుడ్డు విప్పి చూడండి. ముక్కు చుట్టూ జిగురునీళ్లు నిండితే మొదటి 18 రోజుల్లో తేమ ఎక్కువైనట్టు. పొర ఎండి అతుక్కుంటే చివర్లో తక్కువైనట్టు. పుట్టిన రెండు మూడు రోజులకు కడుపు ఉబ్బి, బొడ్డు నల్లబడి, కంపు కొడుతూ పోయిందా? అది బొడ్డు కుళ్లు. పెంట అంటిన గుడ్లు పొదగేస్తే వచ్చేది ఎక్కువగా ఇదే. మీ గోటి తప్పు కాదు.

చచ్చిన పిల్లను పెట్ట దగ్గర ఉంచకండి, చీమలు పడతాయి. కాలవలో అసలే పడేయొద్దు. మనవైపు నీళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి బోరుకు దూరంగా, మెరక మీద రెండడుగుల గొయ్యి తీసి సున్నం చల్లండి. ఇంట్లో పిల్లలకు ఎగిరిపోయిందని అబద్ధం చెప్పకుండా, దగ్గరుండి చూడనివ్వండి. పెద్దకోళ్లు కూడా వరసగా పోతుంటే మాత్రం దేన్నీ విప్పకుండా, ముట్టకుండా పశువుల ఆసుపత్రికి చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరుల్లో వచ్చిన బర్డ్ ఫ్లూ మర్చిపోకండి.

పెరటికోడి: ఇది పెట్ట కింద గుడ్డేనండి. మిగతా తొమ్మిదీ పిల్లలైపోయాయి. వాటిని వేసుకుని పెట్ట లేచిపోతోంది.

లంకగట్టు: ఆ మాట ముందే చెప్పాలి కదండీ! పెట్ట లేచిందంటే గుడ్డు చల్లారిపోతుంది. ఇప్పుడే తీసి అట్టపెట్టెలో 60 వాట్ల బల్బు కింద, పక్కన తడిగుడ్డతో పెట్టండి. వేడి 37.5 డిగ్రీలకు అటూఇటూగా ఉండేలా బల్బు ఎత్తు సర్దండి. పిల్ల బయటికొచ్చి ఆరాక, చీకటిపడి పెట్ట కూర్చున్నప్పుడు రెక్క కిందకి దూర్చండి. పగలు పెడితే పొడుస్తుంది.