పులస తగ్గడానికి ఆనకట్ట ఒక్కటే కారణమా?

లంకవాసి (ప్రశ్న):
మాది కోనసీమలో గౌతమి ఒడ్డునున్న లంక గ్రామం. గోదావరికి ఎర్రనీరు తగలగానే మా తాతగారి రోజుల్లో ఇంటింటా పులస పులుసు ఉడికేదని వింటూ పెరిగాను. నిరుడు ఆ నెలల్లో మా రేవులో నా కంటబడినవి రెండే చేపలు, ఆ రెండూ ఒడ్డు చేరకముందే బేరమైపోయాయి. అందరూ ధవళేశ్వరం ఆనకట్టనే తప్పుపడుతున్నారు. అయితే కాటన్ దొర ఆనకట్ట 1852లోనే పూర్తయింది కదా. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా దొరికిన చేప ఇప్పుడే ఎందుకు కరువైందో తెలిసినవారు వివరించగలరు.

మత్స్యశాస్త్ర విద్యార్థి:
మీ సందేహం సబబైనదే. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస, వరదకు ఎదురీది నదిలోకి వస్తే పులస. చేప ఒక్కటే, వచ్చేది గుడ్లు పెట్టడానికి. కావేరి మీద 1934లో మెట్టూరు, గంగ మీద 1975లో ఫరక్కా వచ్చాక ఎగువన ఇలస పట్టుబడి పడిపోయింది. గోదావరిలో ఆనకట్ట పైదారిని మూసినా, ధవళేశ్వరం నుంచి మొగల (పాయలు సముద్రంలో కలిసే చోట్లు) దాకా మిగిలిన పాయల్లోనే అది గుడ్లు పెట్టి నిలదొక్కుకుంది. కాబట్టి చూడవలసింది ఆ మిగిలిన మేర ఏమైందన్నదే. వరద తగ్గాక, పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీ 175 గేట్లు దించి నీటిని కాలువలకు మళ్ళిస్తే, దిగువకు పోయేది తక్కువై ఉప్పునీరు పాయల్లోకి ఎగదన్నుతుంది. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు వెంటనే సముద్రానికి పోవు, కొన్ని నెలలు నదిలోనే పెరుగుతాయి. తల్లి రావడానికి వరద ఎంత అవసరమో, పిల్ల బతకడానికి వరద తర్వాతి నీరూ అంతే అవసరం.

వలకన్ను:
వేటే జీవనమైన కుటుంబం మాది కనుక రెండు మాటలు చేరుస్తాను. శీతాకాలంలో సన్నకన్ను వల లాగితే రొయ్య పొట్టు నడుమ బెత్తెడైనా లేని వెండిరంగు పిల్లలు పడతాయి, వాటిని కవళ్ళు అనే చిన్న చేపల్లో కలిపి ఎండబెట్టేస్తారు. పైదవడ సరిగ్గా మధ్యలో చిన్న నొక్కు ఉంటే అది ఇలస పిల్ల అని మా నాన్నగారు గోటితో తడిమి చెప్పేవారు. బంగ్లాదేశ్‌లో 25 సెంటీమీటర్ల లోపు ఇలసను నవంబరు నుంచి జూన్ దాకా పట్టనివ్వరు, వేట ఆగిన కాలంలో మత్స్యకారులకు బియ్యం ఇస్తారు. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల సముద్ర వేట నిషేధం, పులస మొగల దగ్గరకు చేరే వేళకు ముగిసిపోతుంది. పైగా జన (కడుపులో గుడ్లు) ఉన్న పులసకే గిరాకీ ఎక్కువ. (పులస పేరుతో అమ్మేవాటిలో ఒడిశా, బెంగాల్ నుంచి ఐసులో వచ్చిన ఇలస కూడా ఉంటుంది, డబ్బు పెట్టేముందు చూసుకోండి.)

మంచిర్యాల వాసి:
ఎగువన మాకు పులస లేదు గాని, ఇదే గోదావరిపై మా బాధ మరోలా ఉంది. శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి వెనుక నిలిచిన నీటిలో బొచ్చె, రోహు, బంగారుతీగ బాగానే పెరుగుతున్నాయి, ఏటా పిల్లలనూ వదులుతున్నారు. మన దేశానికి 1952లో తెచ్చిన తిలాపియా అడగకుండానే పెరుగుతోంది. పారే నీటిని, రాళ్ళ అడుగును కోరుకునే చేపలకే చోటు లేకుండా పోయింది. టన్నుల్లో లెక్కవేసే నివేదికలో ఈ లోటు కనబడదు, ఎందుకంటే తగ్గిన రకాల బరువును పెరిగిన రకాల బరువు కప్పేస్తుంది. నా చిన్నప్పుడు అంగట్లో జెల్లలు, పరిగెలు, బొమ్మిడాయిలు, వాలుగలు వేరువేరు కుప్పలుగా పోసేవారు. ఇప్పుడు రెండు కుప్పలు, పెద్దవి.

లంకవాసి:
అందరికీ కృతజ్ఞతలు. ఇన్నాళ్ళూ నేను వరద నెలలనే గమనిస్తూ వచ్చాను. ఈ డిసెంబరులో మా రేవులో ఎండబెట్టే కవళ్ళను తిరగేసి, ఆ నొక్కు ఉన్నవి ఎన్ని కనబడ్డాయో ఇక్కడే రాస్తాను.