పార్కింగ్‌లో పిల్లల ఆట: ఆపాల్సింది ఆటనా, కారు వేగాన్నా?

మియాపూర్ నివాసి (చర్చ ప్రారంభించినవారు):

మాది స్టిల్ట్ మీద, అంటే కింద స్తంభాలు మాత్రమే ఉండే ఖాళీ అంతస్తు మీద, కట్టిన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. కింద కార్లు, స్కూటర్లు, నీళ్ల మోటార్లు, ఒక మూల వాచ్‌మన్ గది. పిల్లలకంటూ వేరే చోటు లేదు. సాయంత్రం అయిందంటే క్రికెట్, సైకిళ్లు, దాగుడుమూతలు అన్నీ స్టిల్ట్‌లోనే. ఈ మధ్య ఒకాయన కారు వెనక్కి తీస్తుండగా, దొర్లిపోయిన బంతి కోసం ఏడేళ్ల బాబు సరిగ్గా ఆ కారు వెనకే వంగాడు. వాచ్‌మన్ కేక వేయబట్టి బ్రేకు పడింది. బాబుకు ఏమీ కాలేదు. ఆయన వణుకుతూ దిగి బాబు మీద అరిచారు. తండ్రి మూడో అంతస్తు నుంచి దిగి వచ్చి ఆయన మీద అరిచారు. ఇప్పుడు రెండు ఇళ్ల మధ్య మాటల్లేవు.

అసోసియేషన్ వాళ్లు ఒక తీర్మానం తయారు చేశారు. పార్కింగ్‌లో ఆటలు పూర్తిగా నిషేధం, ఎవరైనా ఆడితే తల్లిదండ్రులకు జరిమానా. ఆదివారం ఓటింగ్. నేను దీనికి వ్యతిరేకంగా ఓటు వేయబోతున్నాను. నిషేధం పెట్టినంత మాత్రాన పిల్లలు ఆడటం మానరు. పెద్దవాళ్లు చూడని వేళ చూసుకుని, కేక వేసే మనిషి కూడా లేనప్పుడు ఆడతారు. మీ మీ అపార్ట్‌మెంట్లలో ఏం చేశారో, ఏది న్యాయమనుకుంటున్నారో చెప్పండి.

కూకట్‌పల్లి కారు యజమాని:

నేను నిషేధం వైపే. బంపర్ మీద గీతల గురించి కాదు నా బాధ. గీత పడితే రంగు వేయించుకుంటాను. రోజూ ఉదయం ఆఫీసుకు బయలుదేరేటప్పుడు కారు చుట్టూ ఒకసారి తిరిగి, కింద వంగి చూసి ఎక్కుతాను. సాయంత్రం లోపలికి వచ్చేటప్పుడు ప్రతి స్తంభం వెనక నుంచి ఎవరు పరుగెత్తుకొస్తారోనని గుండె దడ. ఆ కారు నడిపిన మనిషి స్థానంలో ఒక్కసారి నిలబడి చూడండి. వాచ్‌మన్ కేక వేయకపోతే బాబు ఇంట్లో జరిగే ఘోరం ఒకటి, ఆయన ఇంట్లో జరిగే ఘోరం ఇంకొకటి. ఆ తర్వాత ఆయన ఎన్నేళ్లు బతికినా ఆ క్షణాన్ని దాటి రాలేడు.

పార్కింగ్ బళ్ల కోసం కట్టింది. నేను దానికి విడిగా డబ్బు కట్టి కొన్నాను. పిల్లలు ఆడుకోవాలి, సరే. ఆ బాధ్యత కన్నవాళ్లది. వాళ్లు పైన టీవీ చూస్తూ కూర్చుంటే కింద నేను కాపలా కాయాలా?

నల్లగండ్ల, ఇద్దరు పిల్లల తల్లి:

మీ భయం నాకు అర్థమైందండీ. మీలా కారు చుట్టూ తిరిగి చూసి ఎక్కేవాళ్లే అందరూ అయితే ఈ చర్చే ఉండేది కాదు. మా దగ్గర ర్యాంపు దిగుతూనే ఫోనులో మాట్లాడేవాళ్లు ఉన్నారు. తమ స్లాట్ చేరడానికి హారన్ కొట్టి పిల్లలను చెదరగొట్టేవాళ్లు ఉన్నారు. పదో తరగతి కొడుకుకు 'పార్కింగ్ నేర్చుకోరా' అని తాళం చేతికిచ్చే తండ్రులు కూడా ఉన్నారు, అదీ సెల్లార్‌లోనే. వాళ్లకు జరిమానా అనే మాట ఏ తీర్మానంలోనూ రాలేదు.

పిల్లలను ఎక్కడికి పంపమంటారు? మా గేటు దాటితే కాలిబాట లేదు, నీళ్ల ట్యాంకర్లు, డెలివరీ బైకులు. పార్కుకు వెళ్లాలంటే మెయిన్ రోడ్డు దాటాలి. వేసవి సెలవుల్లో మిట్టమధ్యాహ్నం డాబా మీద కాలు పెట్టలేరు. నీడ ఉన్నది కిందే. అందుకే కిందికి వెళతారు. పైన టీవీ చూస్తున్నామన్నారు. ఆ వేళకు నేను ఆఫీసు నుంచి ఇంకా ఇల్లు చేరను. ఇంట్లో ఉండేది మోకాళ్ల నొప్పులతో మా అత్తగారు. ఆవిడ ఎన్నిసార్లు మెట్లు దిగగలరు?

విజయవాడ, విశ్రాంత ఉపాధ్యాయుడు:

జరిమానా వద్దు. డబ్బు కట్టగలిగినవాడు కట్టి పిల్లలను ఆడించుకుంటాడు. కట్టలేనివాడి పిల్లలు ఇంట్లో కూర్చుంటారు. ఒకే భవనంలో రెండు రకాల బాల్యాలను తయారు చేయకండి.

ఆటోమొబైల్ ఇంజనీర్, పుణె:

రెండు వైపులా చెప్పేదాంట్లో నిజం ఉంది. అయితే నడిపేవాడికి ఏం కనిపిస్తుందో తెలియకుండా ఈ వాదన తేలదు.

వంగిన పిల్లవాడు కారు వెనక అద్దంలో కనిపించడు. ఎత్తయిన ఎస్‌యూవీల్లో అయితే ముందు వైపు కూడా బానెట్ కింద కొంత మేర ఏమీ కనిపించదు. 2019 జులై నుంచి మన దేశంలో కొత్త కార్లకు రివర్స్ సెన్సర్లు తప్పనిసరి చేశారు. అంతకు ముందు కొన్న చాలా కార్లలో అవి లేవు. ఉన్నా వాటినే నమ్ముకోకూడదు. బంపర్‌లో ఉండే ఆ సెన్సర్లు శబ్ద తరంగాలతో పని చేస్తాయి. గోడను పట్టుకున్నంత బాగా నేల మీద కూర్చున్న చిన్న ఆకారాన్ని పట్టుకోలేవు. మెత్తటి బట్టలు ఆ తరంగాలను కొంత పీల్చుకుంటాయి కూడా. ఇక ఎండలోంచి సెల్లార్‌లోకి దిగేటప్పుడు కళ్లు చీకటికి అలవాటు పడేలోగానే కారు కొన్ని మీటర్లు లోపలికి వచ్చేస్తుంది.

వేగం లెక్క చూడండి. గంటకు 20 కిలోమీటర్లు అంటే మనకు నత్తనడకలా అనిపిస్తుంది. అది సెకనుకు ఐదున్నర మీటర్లు. పిల్లవాడిని చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను పడితే, బ్రేకు పని మొదలుపెట్టకముందే కారు తన పొడవుకు మించి ముందుకు వచ్చేస్తుంది. అదే 5 కిలోమీటర్లయితే ఆ సెకనులో కదిలేది మీటరున్నర లోపే. మనిషి నడక వేగం అదే. పార్కింగ్‌లో అంతకు మించిన వేగానికి ఎవరికీ ఏ కారణమూ లేదు.

ఇంకొక మాట. ఆగి ఉన్న కారు ప్రమాదం కాదనుకుంటున్నారు, చర్చంతా కదిలే కార్ల చుట్టూనే తిరుగుతోంది. 2025 ఏప్రిల్‌లో చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్నపిల్లలు ఆగి ఉన్న కారులోకి ఎక్కి, తలుపులు తెరుచుకోక ఊపిరాడక చనిపోయారు. మరుసటి నెలలోనే విజయనగరం దగ్గర ద్వారపూడిలో అలాగే నలుగురు పిల్లలు పోయారు. మూసి ఉన్న కారులో వేడి మొదటి అరగంటలోనే చాలా వరకు పెరిగిపోతుంది. దాగుడుమూతలు ఆడే చోట తాళం వేయని కారు ఒక్కటి ఉన్నా అది చాలు. తాళం వేయించడానికి మీ ఓటింగ్ కూడా అక్కర్లేదు. ఈ రాత్రే గ్రూపులో సందేశం పెట్టండి.

న్యాయవాది, హైదరాబాద్:

'డబ్బు కట్టి కొన్నాను' అన్న మాట మీద కొంచెం ఆగుదాం. 2010లో నహల్‌చంద్ కేసులో సుప్రీంకోర్టు స్టిల్ట్ పార్కింగ్ ఉమ్మడి స్థలంలో భాగమని, బిల్డర్ దాన్ని విడి ఆస్తిగా అమ్మలేడని చెప్పింది. అది మహారాష్ట్ర ఫ్లాట్ల చట్టం కింద వచ్చిన తీర్పు కాబట్టి ఇక్కడ యథాతథంగా వర్తిస్తుందని నేను అనను. కానీ 2016 నాటి రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం తెరవండి. ఉమ్మడి స్థలాల నిర్వచనంలో ఉమ్మడి సెల్లార్లు, డాబాలు, పార్కులు, ఆటస్థలాలు, ఓపెన్ పార్కింగ్ అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. మీ కారు నిలిపే గళ్లు మీకు కేటాయించినవి కావచ్చు. ఆ గళ్ల మధ్య దారి అందరిదీ.

'ఇది మా ప్రాంగణం, రోడ్డు కాదు' అనేవారికి: మన నేరాల చట్టమైన భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షన్ ప్రజా మార్గంలో నిర్లక్ష్యపు డ్రైవింగ్ గురించినది. పార్కింగ్ ఆ కోవలోకి వస్తుందా రాదా అని వాదించవచ్చు. 106వ సెక్షన్‌కు, అంటే నిర్లక్ష్యం వల్ల మరణానికి, ఆ పరిమితి లేదు. ఐదేళ్ల వరకు జైలు. గేటు లోపల జరిగినా అంతే. ఇక పిల్లల సంగతి. ఏడేళ్లలోపు వయసువారు చేసింది ఏదీ నేరం కాదని 20వ సెక్షన్ చెబుతుంది. చట్టం జాగ్రత్తను ముందుగా ఎవరి నుంచి ఆశిస్తుందో దీన్ని బట్టే తెలుస్తుంది.

మియాపూర్ వారికి ఒక సలహా. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిబంధనల జీవో 168 ప్రకారం 750 చదరపు మీటర్లు, అంటే దాదాపు 900 గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో 5 శాతం పిల్లల ఆటకో పచ్చదనానికో వదలాలి. ఒక్కో చోట కనీసం మూడు మీటర్ల వెడల్పు, 15 చదరపు మీటర్ల విస్తీర్ణం. అది ఒక కారు నిలిపే గడికన్నా కాస్త పెద్దది, అంతే. అయినా ఉండాల్సిందే. మీ భవనం ఆ తర్వాత కట్టినదైతే, మంజూరైన ప్లాను తెప్పించి చూడండి. ఆ చోట ఇప్పుడు జనరేటర్ ఉందా, బిల్డర్ వేసిన షెడ్డు ఉందా, ఎవరిదైనా రెండో కారు ఉందా?

స్టుట్‌గార్ట్ తెలుగువాడు:

ఇక్కడ కొన్ని నివాస వీధుల మొదట్లో నీలం బోర్డు ఉంటుంది. దానిమీద ఇల్లు, కారు, బంతి ఆడుతున్న పిల్లవాడు. ఆ బోర్డు దాటితే వీధంతా పిల్లలు ఆడుకోవచ్చు. కారు నడక వేగంతోనే వెళ్లాలి, అవసరమైతే ఆగి వేచి ఉండాలి. గుర్తు పెట్టిన చోటే నిలపాలి. అదే నిబంధనలో నడిచేవాళ్లు కార్లను అనవసరంగా అడ్డుకోకూడదని కూడా ఉంది.

నష్టపరిహారం విషయంలో ఇక్కడి చట్టం గీసిన గీత నాకు బాగా నచ్చింది. ఏడేళ్లలోపు పిల్లలు దేనికీ బాధ్యులు కారు. వాహనంతో జరిగే ప్రమాదాల్లో 2002 నుంచి ఆ వయసు పదేళ్లకు పెంచారు, ఎందుకంటే కదిలే బండి వేగాన్ని, దూరాన్ని ఆ వయసు పిల్లలు అంచనా వేయలేరు. కానీ సరిగ్గా నిలిపి ఉంచిన కారును సైకిలుతోనో, కాలితో నెట్టే పిల్లల స్కూటర్‌తోనో గీస్తే ఈ మినహాయింపు వర్తించదని 2004లో ఇక్కడి అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. నిలిచి ఉన్న కారులో పిల్లవాడిని తికమక పెట్టేది ఏమీ లేదు కదా. మనవాళ్లు ఈ రెండు తగవులనూ కలిపేస్తారు. గీత పడిందన్న కోపం ప్రాణభయం పేరుతో బయటికి వస్తుంది. ప్రాణభయం గురించి మాట్లాడితే 'నీ కారు గొడవ నీది' అని కొట్టిపారేస్తారు.

కూకట్‌పల్లి కారు యజమాని:

జర్మనీలో వీధులు విశాలం. మన స్టిల్ట్‌లో రెండు స్తంభాల మధ్య మూడు కార్లు ఇరికిస్తాం. అక్కడి బోర్డు తెచ్చి ఇక్కడ తగిలిస్తే సరిపోదు. అయినా రెండు తగవులు వేరన్న మాట ఒప్పుకుంటాను. నడక వేగం నియమం పెట్టండి, మొదట నేనే సంతకం చేస్తాను. క్రికెట్ మాత్రం వద్దు. బంతి వెనక పరుగెత్తే పిల్లవాడికి కారు కనిపించదు. నేను ఎంత నెమ్మదిగా నడిపినా వాడు నెమ్మదిగా పరుగెత్తడు.

ఎల్బీనగర్ నివాసి:

ఇంతమంది మాట్లాడారు, వాచ్‌మన్ పిల్లల ఊసు ఎవరూ ఎత్తలేదు. మీ పిల్లలు పార్కింగ్‌కు ఆడుకోవడానికి వస్తారు. వాళ్లు అక్కడే పుట్టి పెరుగుతున్నారు. గది తలుపు తెరిస్తే ఎదురుగా కారు చక్రమే. అన్నం తినేది, చదువుకునేది, నిద్రపోయేది అంతా ఆ కార్ల మధ్యే. 2023 మేలో మాకు దగ్గరలోనే హయత్‌నగర్‌లో, పక్కన కట్టడం పనికి వచ్చిన ఒక తల్లి ఎండ తగలకూడదని మూడేళ్ల పాపను ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్ నీడలో పడుకోబెట్టింది. ఇంటికొచ్చి కారు నిలుపుతున్న మనిషి చూసుకోలేదు. పాప దక్కలేదు. ఆ పాప ఆడుకోవడం లేదు, ఎవరి నియమాన్నీ దాటలేదు. మీ నిషేధం ఆమెను కాపాడేదా? నడక వేగం, దిగి చూడటం, మంచి లైట్లు, ఇవి కాపాడి ఉండేవి. మీ తీర్మానంలో 'ఫ్లాట్ యజమానుల పిల్లలు' అని రాస్తే నాలాంటివాళ్లం ఒప్పుకోం.

నల్లగండ్ల, ఇద్దరు పిల్లల తల్లి:

ఈ మాట తర్వాత నేను నా పిల్లల గురించి మాత్రమే అడగలేను. క్రికెట్ విషయంలో కూకట్‌పల్లి వారితో ఏకీభవిస్తాను. మా వాళ్లకు బ్యాటు ఇక శనివారం, ఆదివారం గ్రౌండులోనే.

మియాపూర్ నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం నేను నిషేధానికి బదులుగా వేరే తీర్మానం పెడుతున్నాను. గేటు లోపల ఎవరైనా నడక వేగమే, హారన్ లేదు, లైసెన్సు లేనివారి చేతికి తాళం ఇవ్వకూడదు. కారు వెనక్కి తీసేముందు దిగి వెనక చూడాలి. ఆగి ఉన్న ప్రతి కారుకూ తాళం. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు వరకు వెనక వైపు వరుసలోని ఆరు కార్లు గేటు దగ్గర నిలిపితే ఆ భాగాన్ని తాడు కట్టి పిల్లలకు వదలవచ్చు. ఆ వేళ ఇంటికో పెద్దమనిషి వంతులవారీగా అక్కడ కూర్చోవాలి. వంతు వేయలేని ఇళ్లు ఉంటాయని ఇప్పుడు తెలిసింది, వాళ్ల వంతు మా ఇంటివాళ్లం తీసుకుంటాం. బంతి ఆటలు, దాగుడుమూతలు ఉండవు. వాచ్‌మన్ గది గుమ్మం ముందు కారు నిలపకుండా ఇనుప కడ్డీ పెట్టాలి. ప్లాను కాపీ కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు రేపే వేస్తున్నాను.

కూకట్‌పల్లి కారు యజమాని:

మిగతావన్నీ బాగున్నాయి. ఆ ఆరు కార్ల యజమానులను ముందుగా ఇంటికి వెళ్లి అడగండి, సభలో కాదు. నలుగురి ముందు అడిగితే పౌరుషానికి పోయి కాదంటారు. ఇంకొకటి, బాబు మీద అరిచిన ఆయన దగ్గరికే మొదట వెళ్లండి. ఆ రోజు నుంచి ఆయనకు నిద్ర పట్టి ఉండదు. కాపలా వంతుల్లో మొదటి పేరు ఆయనదే ఇవ్వమని అడిగితే ఇస్తారనే నా నమ్మకం.