దగ్గుతున్న అమ్మకూ, కుక్కకూ ఒకే సీసాలోని తేనె: ఎంతవరకు మంచిది?

ప్రశ్న (మల్కాజిగిరి నుంచి)

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా మా ఇంట్లో ఇద్దరు దగ్గుతున్నారు. ఒకరు మా అమ్మ. ఆమె వయస్సు 67 ఏళ్ళు, మధుమేహం, రక్తపోటు రెండూ ఉన్నాయి, రెండింటికీ మాత్రలు వేసుకుంటున్నారు. రెండవది మా పొమరేనియన్ కుక్క చిన్ని. దానికి తొమ్మిదేళ్ళు నిండాయి, బరువు నాలుగు కిలోలు. అమ్మకు పొడిదగ్గు రాత్రి పడుకున్నాక ఎక్కువవుతుంది. చిన్నికి మెడపట్టీ బిగిసినప్పుడు, ఇంటికి ఎవరైనా వస్తే సంబరంతో గెంతినప్పుడు, తెల్లవారుజామున లేవగానే దగ్గు వస్తుంది. బాతు అరిచినట్టు శబ్దం చేసి, మెడ చాచి, చివరకు కక్కబోయి ఆగిపోతుంది. చూడలేకపోతున్నాను.

అమ్మ పుట్టి పెరిగింది అమ్రాబాదు వైపు. నల్లమల అడవి నుంచి చెంచులు తెచ్చే తేనె వాళ్ళ ఇంట్లో ఎప్పుడూ ఉండేదట. దగ్గుకు అల్లం రసంలో, కాలిన చోట ఉత్తగా, కడుపులో బాగాలేకపోతే గోరువెచ్చని నీళ్ళలో వాడేవారట. ఆ నమ్మకంతోనే ఆమె ఇప్పుడు తనకొక చెంచా, చిన్నికొక చెంచా చొప్పున రోజుకు మూడు పూటలా ఇస్తున్నారు. ఇద్దరికీ కాసేపు ఉపశమనం కనిపిస్తున్న మాట నిజమే.

నా సందేహాలు ఇవి. మధుమేహం ఉన్న మనిషికీ, నాలుగు కిలోల కుక్కకూ ఇంత తేనె ఇవ్వవచ్చా? ఇంకొక సంగతి, ఈ తేనెను నేరేడ్‌మెట్ దగ్గర బకెట్‌లో తేనెపట్టు పెట్టుకుని అమ్ముతున్న వ్యక్తి దగ్గర కొన్నాము. ఇప్పుడు సీసా అడుగున చక్కెర పలుకుల్లా గట్టిపడింది. అసలు తేనెను కుక్క ముట్టదనీ, చిన్ని గిన్నె నాకుతోంది కనుక ఇది కల్తీదేననీ పక్కింటివారు అంటున్నారు. ఆ మాటలో నిజం ఎంత?

సమాధానం (విశ్రాంత పశువైద్యుడు)

మీరు అడిగింది తేనె గురించే అయినా, ముందుగా చిన్ని దగ్గు సంగతి చూడాలి. పొమరేనియన్ వంటి చిన్న జాతులలో నడివయస్సు దాటాక, గాలిగొట్టాన్ని తెరిచి ఉంచే మృదులాస్థి ఉంగరాలు మెత్తబడి, ఊపిరి తీసేటప్పుడు ఆ గొట్టం అణగిపోతూ ఉంటుంది. మెడపట్టీ తగిలినప్పుడూ, సంబరపడినప్పుడూ బాతు అరుపులాంటి దగ్గు వస్తోందని మీరు రాసినది చదవగానే నాకు మొదట తోచినది అదే. అయితే ఇదే వయస్సులో, ఇవే జాతులలో గుండె ఎడమవైపు కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారడం, దానివల్ల గుండె పెరిగి శ్వాసనాళాన్ని ఒత్తడం కూడా తరచుగా చూస్తాము. రెండూ ఒకే కుక్కలో ఉండవచ్చు. ఛాతీ ఎక్స్‌రే తీసి, గుండె చప్పుడు విని చెప్పాలే తప్ప దగ్గు శబ్దాన్ని బట్టి ఎవరూ తేల్చలేరు. మీకు నారాయణగూడలోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రి దగ్గర. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలలో కూడా చూపించవచ్చు.

అక్కడికి వెళ్ళేలోగా ఇంట్లోనే మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది. ఈ రాత్రి చిన్ని గాఢంగా నిద్రపోయాక పక్కన కూర్చుని, గడియారం చూస్తూ ఒక నిమిషంలో దాని డొక్క ఎన్నిసార్లు లేచి పడుతుందో లెక్కపెట్టండి. ఒకసారి లేచి పడితే ఒక శ్వాస. నిద్రలో 30 లోపు ఉండడం మామూలు. రెండు మూడు రాత్రులు వరుసగా 30 దాటితే ఊపిరితిత్తులలో నీరు చేరుతోందేమోనని అనుమానించి వెంటనే చూపించాలి. చిగుళ్ళు, నాలుక నీలంగా మారితే మాత్రం తెల్లవారేదాకా కూడా ఆగవద్దు. మెడపట్టీని ఈ రోజే తీసేసి ఛాతీ చుట్టూ వేసే పట్టీ కొనండి. చాలా కుక్కలకు దానితోనే సగం దగ్గు తగ్గడం నేను చూశాను.

ఇక తేనె. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు అది విషం కాదు. గొంతు లోపలి పొరను పూతలా కప్పి గరగరను తగ్గిస్తుంది కాబట్టి, దగ్గు కాసేపు ఆగిందని మీరు గమనించినది వాస్తవమే కావచ్చు. కానీ మెత్తబడిన ఉంగరాలనూ, వదులైన కవాటాన్నీ అది బాగుచేయదు. మోతాదు విషయానికి వస్తే, నాలుగు కిలోల ఇంటి కుక్కకు రోజంతటికీ సుమారు 250 కిలోకేలరీలు చాలు. ఒక చిన్న చెంచా తేనెలో 20 కిలోకేలరీల పైమాటే ఉంటుంది. మూడు చెంచాలంటే దాని ఆహారంలో దాదాపు నాలుగోవంతు తేనె రూపంలోనే పోతోందన్నమాట. పైగా ఒళ్ళు పెరిగితే గాలిగొట్టం జబ్బు ముదురుతుంది. ఇవ్వాలనిపిస్తే రాత్రి పూట పావు చెంచా చాలు. మధుమేహం ఉన్న కుక్కకూ, ఏడాది నిండని పిల్లకూ ఇవ్వకూడదు. ఇన్సులిన్ తీసుకునే కుక్క చక్కెర పడిపోయి తూలుతున్నప్పుడు చిగుళ్ళకు కాస్త తేనె రాసి ఆసుపత్రికి పరుగెత్తడం ఒక్కటే దానికి మినహాయింపు.

తేనె దొరకని రోజున ఇంట్లో ఉన్న మనుషుల దగ్గు మందు పోసే ప్రయత్నం దయచేసి చేయవద్దు. చక్కెర లేదని రాసి ఉండే కొన్నింటిలో తీపి కోసం జైలిటాల్ అనే పదార్థం కలుపుతారు, అది కుక్కలకు విషం. పిల్లులున్న వారికి కూడా ఒక మాట: పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

అసలు తేనెను కుక్క ముట్టదన్న మాట నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ వింటున్నాను. అందులో నిజం లేదు. కుక్క నాలుకకు తీపి తెలుస్తుంది కాబట్టి నాకుతుంది. తీపి తెలియనిది పిల్లికి. తీపిని పసిగట్టే జన్యువు పిల్లులలో పనిచేయదని 2005లో కనుగొన్నారు. తేనె గిన్నెను పిల్లి వాసన చూసి వదిలేస్తే దానివల్ల కూడా తేనె గురించి తెలిసేదేమీ లేదు.

సమాధానం (ఫార్మసిస్టు, తార్నాక)

డాక్టరు గారు చిన్ని గురించి చెప్పారు కనుక నేను అమ్మగారి గురించి రాస్తాను. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష చేయించుకోవాలన్నది మన దేశంలో నియమం. కఫ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. అమ్మగారిది పొడిదగ్గే అయినా, మధుమేహం ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం ఎక్కువ కనుక ఈ మాటను తేలికగా తీసుకోవద్దు. రెండవది, ఆమె వాడుతున్న రక్తపోటు మాత్ర పేరు చూడండి. ర్యామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి పేరు ఉంటే, ఆ తరగతి మందులు కొందరిలో సరిగ్గా ఇలాంటి పొడిదగ్గునే తెస్తాయి. అలాంటి దగ్గుకు ఎంత తేనె తాగినా లాభం లేదు, ఆ మాత్ర రాసిన డాక్టరు గారు మందు మార్చవలసిందే. అంతవరకు మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు.

జలుబుతో వచ్చే దగ్గుకు తేనె పనికొస్తుందనడానికి మంచి ఆధారమే ఉంది. 2007లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో 105 మంది పిల్లలకు పడుకునే ముందు కొందరికి తేనె, కొందరికి డెక్స్‌ట్రోమెథార్ఫాన్ అనే దగ్గు మందు ఇచ్చి, కొందరికి ఏమీ ఇవ్వకుండా చూశారు. తేనె తీసుకున్న పిల్లలే బాగా నిద్రపోయారని తల్లిదండ్రులు చెప్పారు. బ్రిటన్‌లో 2018లో వెలువడిన వైద్య మార్గదర్శకాలు కూడా మామూలు దగ్గుకు యాంటీబయాటిక్ కంటే ముందు తేనెను ప్రయత్నించమన్నాయి. అయితే ఇవన్నీ కొద్ది రోజుల దగ్గుకు వర్తిస్తాయి, మూడు వారాల దగ్గుకు కాదు.

చక్కెర లెక్కలో మాత్రం తేనెకు ప్రత్యేక రాయితీ లేదు. చిన్న చెంచా అంటే సుమారు 7 గ్రాములు, అందులో దాదాపు 6 గ్రాములు చక్కెరలే. మూడు చెంచాలకు 18 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితం చేయమన్న చక్కెరలలో తేనె కూడా ఉంది. రాత్రి అర చెంచాతో సరిపెట్టి, మరునాడు పరగడుపున చక్కెర చూసుకోమని చెప్పండి.

సమాధానం (అల్వాల్ నుంచి)

నేను మా వీధి కుక్కలకు అన్నం పెడుతుంటాను. తేనె నిజంగా పనిచేయడం నేను చూసినది గాయం మీద. నేను మొదట చేసిన తప్పు కూడా అక్కడే ఉంది కనుక వివరంగా రాస్తున్నాను.

రెండేళ్ళ క్రితం ఒక ఆడకుక్కను ఆటో గుద్దింది. వెనుక కాలి మీద అరచేయి వెడల్పున చర్మం లేచిపోయింది. తేనె మంచిదని విని, గాయాన్ని కడగకుండానే దాని మీద తేనె పోశాను. మూడో రోజుకు దుర్వాసన మొదలైంది. వంగి చూస్తే లోపల పురుగులు కదులుతున్నాయి. పశువైద్యుడు వచ్చి ఒక్కొక్క పురుగునూ తీసి, చచ్చిన చర్మాన్ని కత్తిరించి, సెలైన్‌తో కడిగి, ఆ తరువాత తేనె కట్టు ఎలా కట్టాలో నేర్పించారు. గాజుగుడ్డను తేనెలో తడిపి గాయం మీద పరిచి, పైన పొడి గుడ్డ, దాని మీద కట్టు వేయాలి. మొదటి వారం రోజూ, తరువాత రోజు విడిచి రోజు మార్చాము. నాలుగో కట్టుకు వాసన పోయింది. రెండో వారానికి అంచుల నుంచి గులాబీ రంగు కొత్త చర్మం లోపలికి పాకింది. తేనె చీమును పీల్చుకుంటుందనీ, అందులో క్రిములు బతకడానికి చాలినంత నీరు ఉండదనీ, గాయం తడితో కలిసినప్పుడు దానిలోని ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కొద్దికొద్దిగా పుట్టిస్తుందనీ ఆయన వివరించారు. వేడిచేస్తే ఆ ఎంజైము పోతుందట.

రెండు ఇబ్బందులు ముందే తెలిసి ఉంటే బాగుండేదనిపించింది. ఒకటి, కుక్క నాకడం. పాత ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి మెడకు తొడిగాము. రెండవది చీమలు. కట్టు అంచున తేనె కారి, తెల్లారేసరికి నల్లచీమలు బారులు తీరాయి. దాన్ని పడుకోబెట్టిన నులకమంచం కోళ్ళ కింద నీళ్ళ పళ్ళాలు పెట్టాక గాని ఆ బాధ తీరలేదు.

ఆసుపత్రులలో వాడే తేనెను గామా కిరణాలతో శుద్ధి చేస్తారు, ఎందుకంటే మామూలు తేనెలో క్రిముల బీజాలు ఉండవచ్చు. లోతైన గాయానికీ, మధుమేహం ఉన్నవారి కాలి పుండుకూ ఇంటి సీసాలోని తేనె వాడకండి. కుక్క కరిచిన గాయానికైతే తేనె, పసుపు, కారం ఏదీ రాయకూడదు. సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు వెళ్ళాలి. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఆ టీకా వేస్తారు.

సీసా సంగతి కూడా చెబుతాను. అడుగున పలుకు కట్టడం కల్తీకి గుర్తు కాదు. తేనెలోని గ్లూకోజు విడిపడి అలా గడ్డకడుతుంది. సీసాను గోరువెచ్చని నీళ్ళలో ఉంచితే కరుగుతుంది. అలాగని మంచి తేనె అని నమ్మడానికీ లేదు, ఎందుకంటే చక్కెర పాకం కూడా పలుకు కడుతుంది. నీళ్ళలో వేయడం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం వంటి పరీక్షలు చిక్కదనాన్ని చూపుతాయి తప్ప స్వచ్ఛతను కాదు. 2020లో ఢిల్లీలోని సీఎస్‌ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) సంస్థ 13 బ్రాండ్ల తేనెను జర్మనీ ప్రయోగశాలలో కల్తీని పట్టే ఎన్ఎంఆర్ అనే యంత్ర పద్ధతిలో పరీక్షిస్తే పది తప్పాయి. పెద్ద యంత్రాలకే అంత కష్టమైన పని అగ్గిపుల్లకు ఎలా సాధ్యమవుతుంది? బకెట్‌లో పట్టు ముక్క తేలుతోందని నమ్మి బెల్లం పాకం కొన్నవారు మా కాలనీలోనే ముగ్గురున్నారు. నేనైతే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొంటాను.

మల్కాజిగిరి నుంచి (అయిదు రోజుల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. చిన్ని శ్వాసలు మూడు రాత్రులు లెక్కపెట్టాను: 22, 24, 21. ఎక్స్‌రేలో గాలిగొట్టం మెడ దగ్గర సన్నబడిందనీ, గుండె పరిమాణం బాగానే ఉందనీ చెప్పారు. ఛాతీ పట్టీ వేశాక నడకకు వెళ్ళినప్పుడు దగ్గు తగ్గింది. అమ్మ వాడుతున్నది ర్యామిప్రిలే. డాక్టరు గారు వేరే మందుకు మార్చి, దగ్గు పోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చన్నారు. కఫం సరిగా రాకపోవడంతో ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించాము, అందులో దోషమేమీ కనిపించలేదు. బకెట్ తేనెను పక్కన పెట్టేశాము.

ఇంకొక్క సందేహం. మా చెల్లెలు నాలుగు నెలల పాపతో వచ్చే వారం వస్తోంది. కొత్త సీసా తెచ్చాక పాప నాలుకకు ఒక్క చుక్క రాస్తే మాటలు తేటగా వస్తాయని అమ్మ పట్టుదలగా ఉన్నారు.

సమాధానం (ఫార్మసిస్టు, తార్నాక)

వద్దండీ, ఒక్క చుక్క కూడా వద్దు. ఏడాది నిండని శిశువు పేగులలో, తేనెలో ఉండగల క్లోస్ట్రీడియం బోట్యులినమ్ బీజాలు మొలిచి విషం తయారుచేయగలవు. తేనె ఎంత స్వచ్ఛమైనదైనా ఆ ప్రమాదం తప్పదు, వంటింట్లో మరిగించినా ఆ బీజాలు చావవు. మొదట మలబద్ధకం, తరువాత ఏడుపు సన్నబడడం, పాలు చప్పరించలేకపోవడం, మెడ వాలిపోవడం దాని లక్షణాలు. ఎవరైనా ఇప్పటికే నాకించి ఉంటే భయపడకుండా కొన్ని వారాల పాటు వీటిని కనిపెట్టి ఉండమనండి, ఏ ఒక్కటి కనిపించినా పిల్లల ఆసుపత్రికి తీసుకువెళ్ళి తేనె సంగతి మొదటే చెప్పమనండి. అమ్మగారి ముచ్చట పాప మొదటి పుట్టినరోజు దాటాక తీర్చుకోవచ్చు.