కళ్లు లేని గ్రహాంతరవాసికి అంగారకుడి మీద దారి ఎలా చూపించాలి?

ఓర్వకల్లు నుంచి ఎగిరే అంతరిక్ష ఓడ మీద నేను రాస్తున్న కథ ఇది. సిబ్బందిలో నలుగురు కర్నూలు వాళ్లు, ఒక గ్రహాంతర జీవి. మనిషికి పచ్చరంగు పూసి చెవులు సాగదీసే పద్ధతి నాకు నచ్చదు. అందుకే నా జీవి బెలుం గుహల్లాంటి చీకట్లో పుట్టింది. గబ్బిలంలా 40 కిలోహెర్ట్జ్ కూత వేసి, ప్రతిధ్వనితో దారి పడుతుంది. ఇంజనీరమ్మ దాన్ని "ఏమప్పా" అంటుంది, అది మాత్రం మార్చను.

ఓడ లోపల ఇబ్బంది లేదు. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు, మీటరు దూరపు గోడ నుంచి ప్రతిధ్వని 6 మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది. మన స్క్రీను మాత్రం దానికి వట్టి గాజుపలక. అందుకే దాని బదులు పైకీ కిందికీ కదిలే పిన్నుల పలక పెట్టాను. ఆ కూత తరంగదైర్ఘ్యం సుమారు 8.6 మిల్లీమీటర్లు కాబట్టి అర మిల్లీమీటరు పిన్ను చప్పుడుకు సరిగా అందదు, తడిమి చదవాల్సిందే. 100 కిలోహెర్ట్జ్‌కు పెంచితే సన్నటివి తెలుస్తాయి గానీ గాలి ఆ శబ్దాన్ని తొందరగా మింగేస్తుంది.

అసలు చిక్కు బయట. అంగారకుడి గాలి ఒత్తిడి మన దాంట్లో ఒక శాతం కూడా లేదు, పైగా ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్. అక్కడ కీచు శబ్దాలు కొద్ది దూరానికే చచ్చిపోతాయి. హెల్మెట్ లోపల కూస్తే హెల్మెట్టే వినపడుతుంది.

లైడార్ (లేజర్ కాంతితో దూరం కొలిచే పరికరం) కొలతల్ని హెల్మెట్ లోపల కృత్రిమ ప్రతిధ్వనిగా వినిపిస్తే నమ్మేలా ఉంటుందా? బూట్ల కింద రాతి కంపనాలు నడకకు ఏమైనా పనికొస్తాయా? మోటార్లతో పనిచేసేవాళ్లు ఇంకోటి చెప్పండి: ఓడ ఫ్యాన్లు, పవర్ సప్లైలు 40 కిలోహెర్ట్జ్ దగ్గర రొద పెడితే ఎక్కడ రబ్బరు వేయాలి, ఎక్కడ ఫ్రీక్వెన్సీ మార్చాలి?